‘విత్’: ఎదురు నిలిచిన మాట తోడు వచ్చిన వైనం

(స్మారకోపన్యాస పాఠం)



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు ఉద్యోగ జీవితమంతా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పారు. షేక్‌స్పియర్ నాటకాన్ని ఎంత ఇష్టంగా చదివేవారో, ఎనిమిదో తరగతి పిల్లవాడు రాసిన తప్పు వాక్యాన్నీ అంత శ్రద్ధగా చదివేవారు. తప్పు కింద ఎర్రగీత గీసి ఊరుకునేవారు కాదు. ఆ పిల్లవాడు ఏ తెలుగు వాక్యాన్ని మనసులో పెట్టుకుని అలా రాశాడో ఊహించి, దాన్ని మార్జిన్‌లో రాసేవారు. ఆయన దిద్దిన నోట్సు పుస్తకాలు చూసినవారికి తెలుసు, ఆ మార్జిన్లలో ఎక్కువగా కనిపించేవి విభక్తులే. అందుకని ఈ ఉపన్యాసానికి ఒకే ఒక్క ఇంగ్లీషు ప్రిపొజిషన్‌ను విషయంగా తీసుకున్నాను. అది ‘విత్’.

ఇంగ్లీషులో అతి తరచుగా వాడే మాటల్లో ఇదొకటి. మనకూ కొత్తది కాదు. పెళ్ళికి ‘విత్ ఫ్యామిలీ’ రమ్మంటాం. రైల్లో ‘వితౌట్’ ప్రయాణం అంటే టికెట్ లేని ప్రయాణమని ఇంగ్లీషు రానివాళ్ళకూ తెలుసు. దీని అర్థమేమిటని బడిపిల్లల్ని అడిగితే ‘తో’ అని వెంటనే చెబుతారు. ఆ జవాబు సరైనదే. దాని దగ్గరే ఆగిపోవడం వల్లనే చిక్కులన్నీ వస్తున్నాయి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్రిపొజిషన్‌ను బట్టీ పట్టే చిల్లర నియమంగా చూడకూడదు. మనుషులు ఒకరికొకరు ఎదురుపడిన, తగవుపడిన, కలిసి నడిచిన అనుభవం అందులో పేరుకుని ఉంటుంది. అలాంటి అనుభవమే మన ‘తో’లోనూ ఉంది. ఆ రెంటినీ పక్కపక్కన నిలిపి చూపగలిగిన ఉపాధ్యాయుడే తెలుగు పిల్లలకు ఇంగ్లీషు బాగా చెప్పగలడు.

ఒకప్పటి అర్థం ‘ఎదురు’

వెయ్యేళ్ళకు పైబడిన పాత ఇంగ్లీషులో ఈ మాట రూపం ‘విథ్’. అప్పట్లో దాని ముఖ్యమైన అర్థాలు ‘ఎదురుగా’, ‘వైపుగా’, ‘వ్యతిరేకంగా’. ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం జరిగిన సంగతులు రాసిపెట్టిన ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ అనే గ్రంథంలో 871వ సంవత్సరం కింద చూస్తే, వెసెక్స్ రాజ్యం డేన్ల సైన్యాలను వరసగా ఎదుర్కొన్న వృత్తాంతం ఉంటుంది. ఆల్‌ఫ్రెడ్ రాజయినది ఆ ఏడాదే. ఆయన శత్రుసైన్యం మీద పోరాడాడని చెప్పడానికి అక్కడ వాడిన మాట ‘విథ్’.

వైద్యంలోనూ ఇదే మాట. పదో శతాబ్దపు రాతప్రతిగా మనకు దక్కిన ‘బాల్డ్స్ లీచ్‌బుక్’ అనే వైద్యగ్రంథంలో మందు చెప్పే ముందు ‘విథ్’ అని, వెంటనే జబ్బు పేరు రాస్తారు. తలనొప్పికి ముందు ‘విథ్’ ఉంటే తలనొప్పికి విరుగుడు అని అర్థం. మనం ‘కి’ అనే షష్ఠీ ప్రత్యయంతో సరిపెట్టేచోట వాళ్ళు ‘ఎదురు’ అనే మాటను నిలబెట్టారు. జబ్బు కూడా ఎదిరించి నిలవాల్సిన శత్రువే కదా.

మరి ఆ రోజుల్లో ‘తో’ అనాలంటే ఏమనేవారు? ‘మిడ్’ అనేవారు. జర్మన్‌లో ఈనాటికీ ఉన్న ‘మిట్’, డచ్‌లోని ‘మెట్’ దాని బంధువులే. ఇంగ్లీషులో మాత్రం ‘మిడ్’ పదమూడు, పద్నాలుగు శతాబ్దాల నాటికి వెనకబడి, క్రమంగా వాడుకలోంచి పోయింది. దాని ఆనవాలు ఒక్క మాటలో పదిలంగా ఉంది. అది ‘మిడ్‌వైఫ్’. ‘వైఫ్’ అంటే పాత ఇంగ్లీషులో స్త్రీ. మిడ్‌వైఫ్ అంటే ప్రసవ సమయంలో తల్లితో ఉండే స్త్రీ, మన మంత్రసాని. ‘మిడ్‌నైట్’లో ఉన్న ‘మిడ్’ వేరు, దానికి నడుమ అని అర్థం. రెంటినీ కలపకూడదు.

‘మిడ్’ ఖాళీ చేసిన స్థానంలోకి ‘విత్’ వచ్చింది. ఎదురు అనే మాట తోడు అనే అర్థంలోకి ఎలా మారింది? ఒక కారణం పోరాటంలోనే కనిపిస్తుంది. ఒక్కడే ఉంటే పోరాటం లేదు. తగవుకైనా, పోటీకైనా, బేరానికైనా, మాటకైనా ఎదుట ఇంకొకరు ఉండాలి. ‘ఎదుటివాడి మీద పోరాడాడు’ అన్నమాటలోనే ‘ఎదుటివాడితో సంబంధంలోకి వచ్చాడు’ అన్న అర్థం ఇమిడి ఉంది. పోరాటం నుంచి బేరానికి, బేరం నుంచి ఒప్పందానికి, ఒప్పందం నుంచి చెలిమికి ఈ మాట ఒక్కొక్క మెట్టూ జరిగింది. ఇంగ్లండు ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడిన స్కాండినేవియన్ల భాషలో దీనికి సోదర పదం ‘విథ్’ రెండర్థాల్లోనూ ఉండేదనీ, ఆ సహవాసం కూడా ఈ మార్పుకు తోడ్పడి ఉంటుందనీ పండితులు భావిస్తారు. లాటిన్‌లో సహార్థం చెప్పే ‘కుమ్’ను యుద్ధం విషయంలోనూ వాడడం మరో ప్రేరణ అయి ఉండవచ్చు.

ఈ దారి మనకు వింతగా తోచనక్కర్లేదు. ‘పులితో పోరాడాడు’ అంటే పులి మీద పోరాడాడనే అంటాం. ‘వాడితో గొడవపడ్డాను’, ‘నాతో పెట్టుకోకు’, ‘పక్క ఊరి జట్టుతో పోటీ’. ఈ వాక్యాలన్నిటిలో తోడు అనే అర్థం నుంచి పుట్టిన ‘తో’ ఎదుటి పక్షాన్ని చూపిస్తోంది. ఇంగ్లీషు ఎదురు నుంచి బయలుదేరి తోడుకు చేరింది. తెలుగు తోడు నుంచి బయలుదేరి ఎదురుకు చేరింది. ఈ విషయం తెలిస్తే, పక్కన ఉండి పోరాడడానికీ ఎదుట ఉండి పోరాడడానికీ ఇంగ్లీషులో ఒకే ‘విత్’ ఎందుకు వస్తుందని పిల్లవాడు తికమకపడడు. మనం ‘వాడితో కలిసి పోరాడాను’, ‘వాడి మీద పోరాడాను’ అని విడదీసినట్టే ఇంగ్లీషువారూ అవసరమైతే ‘ఎలాంగ్‌సైడ్’, ‘అగెయిన్‌స్ట్’ అని విడదీస్తారు.

చనిపోని పాత అర్థం

పాత అర్థం మాయమైపోయిందని అనుకుంటే పొరపాటు. సమాసాల్లో అది చెక్కుచెదరకుండా ఉంది. బ్యాంకులో డబ్బు ‘విత్‌డ్రా’ చేస్తాం. ‘డ్రా’ అంటే లాగడం, ముందున్న ‘విత్’కు ఇక్కడ వెనక్కి అని అర్థం. పరీక్షా ఫలితాల్లో కొన్ని నంబర్ల పక్కన ‘విత్‌హెల్డ్’ అని ఉంటుంది. వెనక్కి పట్టి ఉంచారని అర్థం. ‘విత్‌స్టాండ్’ అంటే ఎదిరించి నిలవడం, తట్టుకోవడం. ఈ మూడింటిలో ‘తో’ పెట్టి అర్థం చెప్పబోతే ఏమీ తేలదు. ‘ఎదురు’, ‘వెనక్కి’ అని పెడితే మూడూ ఒక్కసారిగా తేటపడతాయి. 1755లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువు కూడా ఈ సంగతి గుర్తించింది. సమాసంలో ‘విత్’ విరోధాన్నో, లేమినో సూచిస్తుందని ఆయన రాశారు.

‘వితౌట్’ కథ ఇంకొంచెం వేరు. దాని తొలి అర్థం ‘బయట’. ‘వితిన్’ లోపల, ‘వితౌట్’ వెలుపల. లండన్‌లో ‘సెయింట్ బోటాల్ఫ్ వితౌట్ బిషప్స్‌గేట్’ అనే చర్చి ఉంది. బిషప్స్‌గేట్ అనే కోటద్వారానికి వెలుపల ఉన్న చర్చి అని దాని పేరుకు అర్థం. వెలుపల ఉన్నది మన చేతిలో ఉండదు. అలా ‘బయట’ అన్నది ‘లేకుండా’ అయింది.

పాత అర్థం అన్నిటికంటే బలంగా బతికి ఉన్న చోటు న్యాయశాస్త్రం. ‘నాట్‌విత్‌స్టాండింగ్’ అనే మాట లేకుండా మన చట్టాలు చదవలేం. అడ్డు నిలవకుండా అని దాని అక్షరార్థం. లాటిన్‌లో అదే అర్థమిచ్చే ‘నాన్ ఆబ్‌స్టాంటే’ అనే పదబంధాన్ని అనుసరించి ఇంగ్లీషువారు దీన్ని తయారుచేసుకున్నారు. మన న్యాయవాదులు ఇలాంటి నిబంధనను ఇప్పటికీ ‘నాన్ ఆబ్‌స్టాంటే క్లాజు’ అంటారు.

ఇది మన రెండు రాష్ట్రాల బతుకుల్లోకి నేరుగా వచ్చిన మాట. 1973లో 32వ రాజ్యాంగ సవరణ ద్వారా 371-డి అధికరణం వచ్చింది. విద్యలో, ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థానికులకు న్యాయమైన అవకాశాలు కల్పించడం కోసం ఆనాటి ఆంధ్రప్రదేశ్‌కు పెట్టిన ప్రత్యేక ఏర్పాటు అది. 2014లో రాష్ట్రం విడిపోయాక రెండు రాష్ట్రాలకూ వర్తిస్తోంది. రాజ్యాంగంలోని ఇతర నిబంధనల్లో గానీ, అమల్లో ఉన్న ఏ ఇతర చట్టంలో గానీ ఏమి ఉన్నా ఈ అధికరణమే చెల్లుతుందని దాని చివరి భాగం చెబుతుంది. అలా చెప్పడానికి ఆధారమైన మాట ‘నాట్‌విత్‌స్టాండింగ్’. ఆల్‌ఫ్రెడ్ కాలంలో శత్రువుకు ఎదురు నిలిచిన ‘విత్’, లోకల్ కేటగిరీ కింద మన పిల్లల సీట్లనూ ఉద్యోగాలనూ నిర్ణయించే నిబంధనలో ఇతర చట్టాలు అడ్డు నిలవకుండా కాపలా కాస్తోంది. ఒక ప్రిపొజిషన్ అర్థం తెలుసుకోవడం ఎందుకు అని అడిగేవారికి నేను చూపించే మొదటి ఉదాహరణ ఇదే.

‘విత్’కు మన ఇంట్లోనే చుట్టముంది

1786లో విలియం జోన్స్ కలకత్తాలో చేసిన ప్రసంగం, సంస్కృతానికీ యూరప్ భాషలకూ ఉన్న చుట్టరికాన్ని ప్రపంచం ముందు పెట్టింది. ఆ చుట్టరికంలో ‘విత్’కూ చోటుంది. దీని మూలాన్ని వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళిన భాషాశాస్త్రవేత్తలు, వేరుపడడం అనే అర్థమున్న ‘వి’ అనే ధాతురూపం దగ్గరికి చేరారు. సంస్కృతంలో ఉపసర్గగా ఉన్న ‘వి’ దాని సంతానమే. వియోగం, విభాగం, విచ్ఛేదం, వికర్షణ. ఇంగ్లీషు ‘విత్’కు మూలరూపం ‘మరింత వేరుగా’ అనే అర్థంలో ఏర్పడింది. వేరుగా ఉన్నది ఎదుట ఉంటుంది, ఎదుట ఉన్నది ఎదిరిస్తుంది. ఎదుట ఉన్నదానితోనే సంబంధం కలుస్తుంది.

తెలుగు ద్రావిడ భాష. 1816లో ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ రాసిన పీఠిక ఆ సంగతిని సోదాహరణంగా నిరూపించింది. అయినా సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల వెంట ఈ ‘వి’ మన నోళ్ళలోకి వచ్చింది. మనం ప్రిపొజిషన్ పక్కన పెట్టి పోల్చే ‘విభక్తి’ అనే శాస్త్రపదంలోనే అది ఉంది. విడదీసి చూపేది విభక్తి. ఎవరు చేశారు, దేనితో చేశారు, ఎవరికి చేశారు అన్నది విడివిడిగా తేల్చి చెప్పడమే దాని పని. ఇంగ్లీషు ‘విత్’కూ తెలుగు ‘విభక్తి’కీ మొదటి అక్షరం ఒకే ఇంటి నుంచి వచ్చింది.

‘తోడ’ నుంచి ‘తో’ దాకా

ఇక మన వైపు చూద్దాం. చేతన్, చేన్, తోడన్, తోన్ తృతీయా విభక్తి అని బడిలో అందరం వల్లించినవాళ్ళమే. 1858లో అచ్చయిన చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ తరాల తరబడి మనకు నేర్పిన వర్గీకరణ అది. దాని వెనక సంస్కృత వ్యాకరణ సంప్రదాయం ఉంది. పాణిని అష్టాధ్యాయిలో రెండో అధ్యాయం మూడో పాదంలోని 18వ సూత్రం కర్తకూ, సాధనానికీ తృతీయను విధిస్తుంది. ఆ వెంటనే 19వ సూత్రం ‘సహ’ అనే మాటతో కలిసి వచ్చే అప్రధాన వ్యక్తికీ అదే తృతీయను విధిస్తుంది. ఒకటి పని జరిపించేది, రెండోది వెంట వచ్చేది. పక్కపక్క సూత్రాల్లో ఈ రెంటినీ ఉంచిన ఆ మహానుభావుడు, వాటి మధ్య తేడానూ దగ్గరతనాన్నీ కూడా గమనించాడు.

పాత తెలుగులో పని జరిపించేదానికి ‘చేత’, వెంట వచ్చేదానికి ‘తోడ’ అనే పంపకం ఉండేది. ‘చేత’లో చేయి ఉంది, ‘తోడ’లో తోడు ఉంది. తోడబుట్టినవాడు, తోడల్లుడు, తోడికోడలు, తోడుపెళ్ళికూతురు అనే మాటల్లో ఉన్నది ఆ తోడే. పాలు పెరుగు కావడానికి వేసేదాన్ని కూడా తోడు అనే అంటాం. కాలక్రమంలో ‘తోడ’ కుదించుకుపోయి ‘తో’ అయింది. కోస్తాలో ‘వాడితోటి’ అనీ, తెలంగాణలో ‘వానితోని’ అనీ వినిపిస్తుంది. ఈ ‘తో’ ‘చేత’ చేసే పనిలో చాలా భాగాన్ని తనే తీసుకుంది. ఇవాళ ‘కత్తితో కోశాడు’ అంటాం, ‘తమ్ముడితో వెళ్ళాడు’ అంటాం. పనిముట్టూ, మనిషీ ఒకే ‘తో’ కిందికి వచ్చారు.

అన్ని భాషలూ ఇలా చేయవు. మన పొరుగు భాషలే చూడండి. తమిళంలో కత్తికి ‘కత్తియాల్’, తమ్ముడికి ‘తంబియోడు’. కన్నడంలో పనిముట్టుకు ‘ఇంద’ వస్తుంది, మనిషికి ‘జొతె’ వస్తుంది. హిందీలో ‘చాకూ సే’, ‘భాయీ కే సాథ్’. భాషల నిర్మాణాలను ప్రపంచ పటాల మీద చూపే ‘వరల్డ్ అట్లాస్ ఆఫ్ లాంగ్వేజ్ స్ట్రక్చర్స్’ ఈ విషయంలో 322 భాషలను పరిశీలించింది. సాధనానికీ సాహచర్యానికీ ఒకే గుర్తు వాడేవి 76 మాత్రమే. 213 భాషలు రెంటినీ వేరుచేస్తాయి. మిగిలిన 33 మిశ్రమం.

అంటే పనిముట్టునూ తోడునూ కలిపి చూడడం సహజంగా అందరికీ వచ్చే అలవాటు కాదు. ఎక్కువ భాషలు చేయని ఈ పనిని ఇంగ్లీషు ‘విత్’ చేసింది, మన వాడుక భాషలోని ‘తో’ కూడా చేసింది. చేతిలో కత్తి ఉన్నంతసేపూ అది మనిషి వెంటే ఉంటుంది, మనిషి కదిలితే కదులుతుంది. ఆ కోణంలో చూస్తే పనిముట్టు తోడే. తెలుగు పిల్లవాడు ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు ఈ కీలకమైన మలుపు దగ్గర అతనికి శ్రమ లేదు. తన భాషే అతణ్ణి అక్కడికి చేర్చి ఉంచింది. ఈ బలం అతనికి ఉందని మనం ఎప్పుడూ చెప్పం.

‘విత్’, ‘బై’ల మధ్య గట్టు

పనిముట్టు దగ్గర ‘విత్’కు ‘బై’తో సరిహద్దు తగాదా ఉంది. ఈ రెంటినీ విడదీయడం ఎప్పుడూ తేలిక కాదని జాన్సన్ తన నిఘంటువులోనే ఒప్పుకున్నారు. ‘విత్’ పనిముట్టును, ‘బై’ కారణాన్ని సూచిస్తున్నట్టుందని ఆయన వివరణ. చంపినవాడు వాక్యంలో ఉంటే అతని కత్తికి ‘విత్’, చంపినవాడి ప్రసక్తి లేకుండా బాణం వల్ల పోయాడంటే బాణానికి ‘బై’ అని ఉదాహరణ ఇచ్చారు. మన భాషలో ఆలోచించి చూడండి. ‘కత్తితో చంపాడు’ అంటాం, ‘బాణం తగిలి చనిపోయాడు’ అంటాం. మనకూ రెంటి మధ్య తేడా ఉంది, కాకపోతే రెండోచోట మనం విభక్తిని వదిలి క్రియను పట్టుకుంటాం.

ఈ గట్టు కాలంతో జరుగుతూ వచ్చింది. షేక్‌స్పియర్ నాటకం ‘ద వింటర్స్ టేల్’ 1623లో వెలువడిన ఆయన నాటకాల సంపుటంలో అచ్చయింది. అందులో ఎలుగుబంటి ఒక మనిషిని చీల్చి చంపిన సంగతి చెప్పేటప్పుడు ఎలుగుబంటికి ముందు ‘విత్’ వస్తుంది. ఇవాళ అక్కడ ‘బై’ తప్ప ఇంకొకటి రాదు. ప్రాణంతో తనంతట పనిచేసే కర్తను ‘బై’కి వదిలి, ఒకరి చేతిలో ఉండే సాధనాన్ని ‘విత్’ తన దగ్గర ఉంచుకుంది. తెలుగులో ఆ పంపకం ఇంకా పూర్తి కాలేదు. ‘వాడిచేత చేయించాను’, ‘వాడితో చేయించాను’ రెండూ అంటున్నాం. అందుకే మనవాళ్ళు పని ఇంకొకరిచేత చేయించిన సంగతి ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ‘బై’ రావలసిన చోట ‘విత్’ పెడతారు. ప్రయాణంలో మాత్రం ఈ తికమక రాదు, ఎందుకంటే మనం బస్సుతో వెళ్ళం, బస్సులో వెళతాం. అక్కడ వచ్చే పొరపాటు ‘బై’ బదులు ‘ఇన్’.

‘తో’ చాలని చోట్లు

భావాలకూ కారణాలకూ ‘విత్’, ‘తో’ చాలా దూరం చేయి చేయి కలిపి నడుస్తాయి. కోపంతో అరవడం, సంతోషంతో ఎగరడం, చలితో వణకడం. ఈ మూడింటికీ ఇంగ్లీషులోనూ ‘విత్’ వస్తుంది. ‘వర్షం పడటంతో మ్యాచ్ రద్దయింది’ అని మన పత్రికలు రాసే వాక్యంలోని ‘తో’ను కూడా ఇంగ్లీషు ‘విత్’ మోయగలదు. ఆకలితో చనిపోవడం దగ్గరికి వచ్చేసరికి దారులు విడిపోతాయి. అక్కడ ఇంగ్లీషు ‘ఆఫ్’ అంటుంది.

అసలైన ఎడబాటు ఇంకా లోపల ఉంది. ‘గడ్డంతో మనిషి’ అని మనం అనం. ‘గడ్డం ఉన్న మనిషి’, ‘గడ్డపాయన’ అంటాం. పొడుగు జుట్టు అమ్మాయి, ఎర్ర తలుపుల ఇల్లు. ఇంగ్లీషు ఈ అన్నిటికీ ‘విత్’ పెడుతుంది. కలిగి ఉండడాన్ని తెలుగు ‘ఉన్న’, ‘గల’ అనే మాటల్లోనో, సమాసంలోనో చెబుతుంది. ఇంగ్లీషు ఆ కలిమిని తోడుగా చూస్తుంది.

‘నా దగ్గర డబ్బు లేదు’, ‘తాళంచెవి పక్కింటివాళ్ళ దగ్గర ఉంచాను’, ‘అమ్మాయి మేనత్త దగ్గర ఉండి చదువుకుంటోంది’. మూడుచోట్లా ఇంగ్లీషుకు ‘విత్’ కావాలి. మనకు ‘దగ్గర’ కావాలి. నిర్ణయం మీ చేతుల్లో ఉంది అన్నప్పుడు మనకు చేయి కనిపిస్తుంది, ఇంగ్లీషువాడికి అక్కడా ‘విత్’ చాలు. ‘జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు’, ‘తలుపు తీసి ఉంచి నిద్రపోయాడు’ అనే వాక్యాల్లో మనకు ‘పెట్టుకుని’, ‘ఉంచి’ లాంటి క్త్వార్థక క్రియ అవసరం. ఇంగ్లీషు ‘విత్’ అని మొదలుపెట్టి చేతులనూ జేబులనూ, తలుపునూ దాని తెరిచి ఉన్న స్థితినీ మనిషి వెంట తోడు పంపిస్తుంది. ‘ఇంత ఆస్తి ఉన్నా సుఖం లేదు’ అని మనం ‘ఉన్నా’తో చెప్పే ఒప్పుకోలు కూడా ‘విత్’ కిందికే వస్తుంది. కాలం గడిచేకొద్దీ అన్నదీ అంతే. ‘ఈ విషయంలో నేను మీ వైపే’ అనే మాటకు ఇంగ్లీషులో ‘నేను మీతో ఉన్నాను’ అన్నంత చిన్న వాక్యం చాలు.

ఒకే మాట ఇన్ని తెలుగు రూపాలకు సమానం కావడం చూసి ఇంగ్లీషు గొప్పదనో, తెలుగు విస్తృతమైనదనో తీర్పు చెప్పనక్కర్లేదు. ఒకటి దగ్గరగా ఉండడం అనే ఒక్క భావం మీద భారం వేసింది. మరొకటి ఉండడం, పెట్టుకోవడం, చేతిలో ఉండడం, వైపు ఉండడం అని పరిస్థితిని విడివిడిగా చూపింది. మనకూ ఇలాంటి విరివి ఉంది. ‘నాతో వచ్చాడు’, ‘నాతో పాటు వచ్చాడు’, ‘నాతో కలిసి వచ్చాడు’, ‘నాతో సహా పదిమంది వచ్చారు’. ఈ నాలుగింటి తేడా పట్టుకోవడానికి తెలుగు నేర్చుకునే ఇంగ్లీషువాడు ఎంత కష్టపడాలో ఆలోచించండి.

తప్పు వెనక ఉన్న బుద్ధి

ఇప్పుడు తరగతి గదిలోకి వద్దాం. మన పిల్లలు ‘యాంగ్రీ ఆన్ మి’ అని రాస్తారు. ‘నా మీద కోపం’ అన్న వాక్యం అది. తెలుగులో కోపం మనిషి మీదికి వస్తుంది, మీద పడుతుంది, మీద చూపిస్తారు. పిల్లవాడు ఏమీ తెలియక రాయలేదు. తన భాష చూపిన దిశ ప్రకారం రాశాడు. ఇంగ్లీషులో కోపం ఎదుట నిలబడిన మనిషితో ఉంటుందనీ, ‘విత్’ ఒకప్పుడు ఎదురు అనే మాటనీ చెబితే అతనికి ‘యాంగ్రీ విత్’ ఇక మరపు రాదు.

‘హి టోల్డ్ విత్ మి’ అని రాసిన పిల్లవాడి మనసులో ‘నాతో చెప్పాడు’ ఉంది. మాట చెప్పడం తెలుగువాడికి ఇద్దరి మధ్య జరిగే వ్యవహారం, కాబట్టి ‘తో’. ఇంగ్లీషులో ‘టెల్’ అనే క్రియ ఎదుటి మనిషిని నేరుగా పట్టుకుంటుంది, నడుమ ఏమీ పెట్టనివ్వదు. ‘మ్యారీడ్ విత్’ అని రాసిన అమ్మాయి ‘ఆయనతో పెళ్ళయింది’ అనుకుంది. ఇంగ్లీషు అక్కడ ‘టు’ అంటుంది. ‘డిస్కస్ ఎబౌట్’ వెనక ‘దాని గురించి చర్చించారు’ ఉంది. ఈ తప్పులు ఒకదానితో ఒకటి సంబంధం లేని పొరపాట్లు కావు. ఒక్కొక్కటీ ఒక్కో తెలుగు వాక్యానికి నమ్మకమైన సాక్ష్యం.

ఇలాంటి వాక్యం పలికినందుకు ఇంటర్వ్యూల్లో, కాలేజీల్లో నవ్వులపాలయిన యువతీయువకులు నాకు తెలుసు. వాళ్ళు ఎక్కువగా మొదటి తరం చదువరులు. ఆ నవ్వు వాళ్ళ నోరు నొక్కేసింది. అది వాళ్ళకు ఇంగ్లీషు నేర్పలేదు, తెలుగును దాచుకోవడం మాత్రం నేర్పింది. ఈ అన్యాయం నన్ను బాధిస్తుంది. భాషల మధ్య దారి తెలిసినవాడు నవ్వడు. ఆ పిల్లవాడు ఏ దారిన వచ్చాడో చూసి, ఏ మలుపు దగ్గర పక్కకు తిరగాలో చూపిస్తాడు.

చేయదగిన పని

ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ ఇవాళ ప్రభుత్వ బడుల్లో ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఉన్నాయి. ఒకవైపు ఇంగ్లీషు పాఠం, దాని పక్క పుటలో అదే పాఠం తెలుగులో. అర్థం చేసుకోవడానికి ఊతంగా వాటిని తెచ్చారు. అవి అంతకంటే విలువైన సంపద అని నా అభిప్రాయం. సైన్సు పాఠంలో ‘విత్’ వచ్చిన ప్రతిచోటా పక్క పుటలో తెలుగు ఏం చేసిందో గీత గీసుకోమని పిల్లలకు చెప్పండి. ఒకచోట ‘తో’ దొరుకుతుంది, ఒకచోట ‘ఉన్న’, ఒకచోట ‘దగ్గర’, ఒకచోట క్రియ దొరుకుతుంది. నెల తిరిగేసరికి ఆ తరగతి చేతిలో సొంతంగా కట్టుకున్న వ్యాకరణం ఉంటుంది. దానికి ఖర్చు ఒక పెన్సిలు.

ఇంకో విన్నపం ఉపాధ్యాయ శిక్షణ కళాశాలల వారికి. తెలుగు పండితుడికీ ఇంగ్లీషు ఉపాధ్యాయుడికీ విడివిడి గదులు కేటాయించి ఊరుకోకండి. కారకాలు, విభక్తులు తెలుగు పండితుడి చేతిలో ఉన్న విద్య. ప్రిపొజిషన్లు ఇంగ్లీషు మాస్టారికి నిత్యం ఎదురయ్యే సమస్య. ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని పిల్లల నోట్సుల్లోంచి వాక్యాలు ఏరితే, తెలుగు పిల్లల అవసరానికి సరిపోయే ఇంగ్లీషు వ్యాకరణం తయారవుతుంది. ఎక్కడో వేరే దేశపు పిల్లల కోసం రాసిన పుస్తకం, మనవాడు ‘మీద’ అని ఎందుకు అనుకున్నాడో చెప్పలేదు. మన పుస్తకం చెప్పగలదు.

‘విత్’ ఒక్కదానికి ఇంత కథ ఉంటే ‘బై’, ‘ఫర్’, ‘ఆన్’, ‘ఓవర్’ మాట అడగనక్కర్లేదు. వచ్చే ఏడాది ఈ వేదిక మీద మాట్లాడేవారు వాటిలో ఒకదాన్ని తీసుకోవాలని, ఈలోగా ఈ సభలో ఉన్న ఉపాధ్యాయులు తమ తరగతుల్లోని వాక్యాలు రాసి నిర్వాహకులకు పంపాలని కోరుతున్నాను. అలా చేరిన వాక్యాలన్నీ ఒక పుస్తకంగా వస్తే, అందులో ప్రతి తప్పు పక్కనా దాన్ని పుట్టించిన తెలుగు వాక్యం గౌరవంగా అచ్చవ్వాలి.